బాలిస్టాల్ స్ప్రే: నూనె మంచిదే, పేచీ మీటతోనే

ముందే తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు టైము మిగులుతుంది. తుపాకులకు రాసే బాలిస్టాల్ నూనెకు పదికి ఎనిమిది మార్కులు. అదే నూనె నింపిన స్ప్రే డబ్బాకు పదికి మూడు. ఆ మూడూ తుపాకీ పైభాగాలకు పనికొస్తుంది కాబట్టి. బ్యారెల్‌లోకి, అంటే తుపాకీ గొట్టంలోకి, స్ట్రా దూర్చి డబ్బా మీట నొక్కడానికి మాత్రం ఆ డబ్బా పనికిరాదు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుందన్న భయం చెన్నైలో ఎవరికైనా ఉంటుంది, ఉండాలి కూడా. ఆ భయంతోనే ఒక నొక్కు చాలినచోట మూడు నొక్కులు నొక్కుతారు. తంటా అంతా అక్కడ మొదలవుతుంది.

నూనె సంగతి మొదట. 1904లో జర్మనీలో తయారైంది. లోహానికో సీసా, కర్రకో సీసా, తోలుకో సీసా మోయకుండా సైనికుడికి ఒక్కటే సరిపోవాలన్నది అప్పటి ఉద్దేశం. మందుల తయారీలో వాడేంత శుద్ధమైన తెల్లటి ఖనిజ తైలం దీనికి ఆధారం. కొద్దిగా క్షారగుణం ఉంటుంది కాబట్టి చెమట చేతులు వదిలిన ఆమ్లాన్ని కొంత విరుస్తుంది. నీళ్లతో కలిస్తే మజ్జిగలా తెల్లబడుతుంది. నల్ల తుపాకీమందును మూతిలోంచి కూరే ఒంటి గొట్టం (ఎస్‌బీఎంఎల్) తుపాకులకు ఇది పెద్ద వరం: ఒక వంతు బాలిస్టాల్‌కు పది వంతుల నీళ్లు కలిపి గొట్టం కడిగితే మసి తేలిగ్గా కదులుతుంది. కడిగాక పూర్తిగా ఆరబెట్టి పల్చగా నూనె పట్టించాలి, అది వేరే సంగతి. రాగిని కూడా మెల్లగా కరిగిస్తుంది. రైఫిల్‌లో నుంచి తీసిన గుడ్డపీలిక నీలిపచ్చగా కనిపిస్తే కంగారు పడొద్దు, అది బుల్లెట్ తొడుగు వదిలిన రాగి. వాసన మాత్రం సోంపూ పాత సాక్సూ కలిపినట్టుంటుంది. ఏసీ గదిలో వాడితే ఒక పూటంతా పోదు.

ఇక అసలు విషయం. బ్యారెల్‌కు ఎంత నూనె కావాలి? ఎవరికి వాళ్లే లెక్క వేసుకోవచ్చు. 12 బోర్ డీబీబీఎల్‌లో, అంటే రెండు గొట్టాల తుపాకీలో, ఒక గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మి.మీ., పొడవు 30 అంగుళాలనుకుంటే 76 సెం.మీ. లోపలి గోడ మొత్తం వైశాల్యం 440 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. దానిమీద ఐదు మైక్రాన్ల మందాన నూనె పొర వేయాలన్నా 0.22 మి.లీ. చాలు. చుక్క 0.04 మి.లీ. చొప్పున ఐదారు చుక్కలు. గొట్టం ఇంకా సన్నగా ఉండే పాయింట్ 315 రైఫిల్‌కు రెండు చుక్కలు. 60 సెం.మీ. పొడవున్న పాయింట్ 22 గొట్టానికి ఒక చుక్క, పోనీ ఒకటిన్నర.

ఇలాంటి స్ప్రే డబ్బాలు మామూలుగా సెకనుకు అర గ్రాము నుంచి గ్రాము పైచిలుకు వదులుతాయి. నమ్మకం కుదరకపోతే డబ్బాను వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టి, ఒక పాత గుడ్డ మీద ఐదు సెకన్లు నొక్కి, మళ్లీ తూచి ఐదుతో భాగించండి. తగ్గిన బరువులో కొంత గ్యాసుది, మిగతాదంతా నూనే. పాయింట్ 22లోకి రెండు సెకన్లు కొడితే కావలసినదానికి పదిరెట్లు లోపలికి పోయినట్టు. ఇంకో లెక్క చూస్తే పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక మిల్లీలీటరు నూనె ఒకేచోట చేరితే 12 బోర్ గొట్టంలో నాలుగు మిల్లీమీటర్ల మేర కూడా నిండదు. పాయింట్ 315లో రెండు సెంటీమీటర్లు నిండుతుంది. పాయింట్ 22లో ఏకంగా నాలుగు సెంటీమీటర్లు. గొట్టం ఎంత సన్నమైతే అదే నొక్కు అంత ప్రమాదం.

ప్రమాదం అన్నది ఎంతవరకు నిజం? ఈ ప్రశ్నకు దుకాణంలో ఒకరు ఏమీ కాదంటారు, ఇంకొకరు గొట్టం పగిలిపోతుందంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడేది వేర్వేరు స్థితుల గురించి. గోడకు అంటుకున్న పల్చటి పొర ఉంటే మొదటి గుండుకు తెల్లటి పొగ వస్తుంది, ఆ గుండు గురి తప్పి ఎక్కడో పడుతుంది, రెండు మూడు గుండ్లకు మళ్లీ దారిలో పడుతుంది. పోటీల్లో కాల్చేవాళ్లు గొట్టం తుడిచాక కొన్ని గుండ్లు లెక్కలోకి తీసుకోకుండా వదిలేసేది అందుకే. గొట్టంలో ఒకచోట నూనె మడుగు కట్టిందంటే మాత్రం కథ వేరు. ద్రవాన్ని నొక్కి చిన్నది చేయలేం. సెకనుకు మూడు వందల మీటర్ల పైన దూసుకొచ్చే బుల్లెట్‌కు ఎదురుగా కదలకుండా నిలబడ్డ నూనె ఒక్క క్షణంలో దారి ఇవ్వలేదు. బుల్లెట్ రెప్పపాటులో తడబడుతుంది, వెనక గ్యాసు మాత్రం ఆగదు. ఆ ఒత్తిడంతా అక్కడి గోడ మీద పడి గొట్టం చుట్టూ ఉంగరంలా ఉబ్బుతుంది. మట్టి, మర్చిపోయిన గుడ్డపీలిక, ఇరుక్కున్న వ్యాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిళ్ల) చేసే పనే ఇది. నూనె వాటికంటే మెత్తటి అడ్డు, అంతే తేడా.

ఉబ్బిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్టు (గొట్టాన్ని వెనకనుంచి మూసే కడ్డీ) తీసేసి, గొట్టంలోంచి వెలుగువైపు చూస్తే ఒకచోట నల్లటి గీత ఉంగరంలా కనిపిస్తుంది. కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి నెమ్మదిగా తోస్తే సరిగ్గా అక్కడికి వచ్చేసరికి చేతికి ఉన్నట్టుండి వదులు తెలుస్తుంది. నూనెతో తడిసిన గొట్టం తళతళలాడుతూ ఈ గీతనూ, తుప్పు గుంటలనూ దాచేస్తుంది. కొనేముందు పాత తుపాకీ చూసేవాళ్లు అందుకే పొడిగుడ్డతో తుడిచాకే లోపలికి చూడాలి.

గొట్టం కంటే ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే వెనక గదిలో, నూనె గురించి ఎక్కువ జాగ్రత్తపడాలి. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పేలిన క్షణాన ఇత్తడి తూటా ఉబ్బి ఛాంబర్ గోడను పట్టుకుంటుంది. వెనక్కి తన్నే బలంలో కొంత భాగాన్ని ఆ పట్టు మోస్తుంది, మిగతాది బోల్టు మీద పడుతుంది. గోడకు నూనె ఉంటే పట్టు జారి, దాదాపు మొత్తం తన్ను బోల్టు లగ్గుల (దాన్ని బిగించి పట్టే పళ్ల) మీదే పడుతుంది. బ్రిటిష్ పద్ధతిలో సైనిక రైఫిళ్లను పరీక్షించేటప్పుడు ఎక్కువ ఒత్తిడి తూటాను ఒకసారి పొడిగా, ఇంకోసారి నూనె రాసి కాల్చేవారు. బోల్టు తాళం ఎంత తన్ను తట్టుకుంటుందో తేల్చడానికి వాళ్లు నూనెను కావాలనే వాడారు. అలాంటి పరిస్థితిని ఇంట్లో మనంతట మనం తెచ్చుకోవడం దేనికి? ఒక్క గుండుకు ఏమీ కాకపోవచ్చు. ఏళ్ల తరబడి ఇలాగే నడిస్తే లగ్గులు అరిగి హెడ్‌స్పేస్ (తూటా అడుగుకూ బోల్టుకూ మధ్య సందు) పెరుగుతుంది. అది కంటికి కనిపించే చోటు కాదు.

ఛాంబర్‌లో నిలిచిన నూనె తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ చుట్టూ పాకి లోపలికి దిగగలదు. ఇండియన్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ (ఐఓఎఫ్) పాయింట్ 32 రివాల్వర్‌ను ఇంటి రక్షణకు తూటాలు ఎక్కించే ఉంచేవాళ్లు ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సిలిండర్‌లో ఆరు గదులూ పొడిగా ఉండాలి, నూనె బయట మాత్రమే. డబ్బాతో సిలిండర్ మీద కొట్టి మూసేస్తే అవసరమైన రోజున క్లిక్ మనడం తప్ప ఇంకేం వినిపించకపోవచ్చు. ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ కదిలే రంధ్రంలోకి పోయిన నూనె దుమ్మూ మసీ పట్టి జిగురై పిన్ దెబ్బను మందగింపజేస్తుంది. పేలలేదంటే వెంటనే తెరవకుండా గొట్టం క్షేమమైన దిక్కుకే పెట్టి ఒక నిమిషం ఆగాలి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది.

మరి ఈ నూనెను సరిగ్గా పట్టించేదెలా? కావలసినవి: బేరింగ్ పిడి ఉన్న కడ్డీ, బోర్‌కు తగిన ఇత్తడి జ్యాగ్ (కడ్డీ కొసన గుడ్డ గుచ్చే మొన), కంచు బ్రష్, నూలు గుడ్డపీలికలు. పాత పంచె అయితే పీలికలకు భేషుగ్గా సరిపోతుంది. పాలిస్టర్ కలిసిన లుంగీ మాత్రం నూనె పీల్చదు. పీలిక కొలత పాయింట్ 22కు రెండున్నర సెంటీమీటర్ల చదరం, పాయింట్ 315కు ఐదున్నర, 12 బోర్‌కు ఏడున్నర. మొదట తుపాకీ ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టేయాలి. కడ్డీని ఎప్పుడూ వెనకనుంచి, అంటే ఛాంబర్ వైపు నుంచి తోయాలి. ముందునుంచి తోస్తే మూతి అంచు అరిగి గురి పోతుంది. మొదటి పీలికకు నాలుగు చుక్కల బాలిస్టాల్ వేసి తోసి ఐదు నిమిషాలు వదిలేయండి. బ్రష్‌తో ఓ పదిసార్లు పూర్తిగా అటూ ఇటూ తిప్పండి. గొట్టం మధ్యలో బ్రష్ దిశ మార్చొద్దు, మూతి దాటాకే వెనక్కి లాగాలి. తరువాత పొడి పీలికలు తెల్లగా బయటికి వచ్చేదాకా. అప్పుడు చివరి పీలిక: పైన లెక్క వేసుకున్నన్ని చుక్కలు, ఒక్కసారి తోయడం, అంతే. ఆ పీలికను వేళ్ల మధ్య నొక్కితే వేళ్లు మెరవాలి, చుక్క మాత్రం కారకూడదు. ఛాంబర్‌ను విడిగా పొడి పీలికతో తుడవాలి.

కాల్చేరోజు ఈ పొరను కూడా తీసేయాలి. రెండు పొడి పీలికలు, ఛాంబర్‌కు ఇంకొకటి, మొత్తం రెండు నిమిషాల పని. కాల్చితే అదే పోతుందిలే అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. పల్చటి పొర పోతుంది, నిజమే. మడుగు కట్టిన నూనెను బుల్లెట్‌తో తోయించడమంటే పైన చెప్పిన ఉంగరాన్ని పిలిచి తెచ్చుకోవడం.

నిలబెట్టే తీరు కూడా ఇక్కడే చెప్పాలి. బట్టు కింద, మూతి పైన ఉండేలా బీరువాలో నిలబెడితే గొట్టంలోని మిగులు నూనె మెల్లగా కిందికి దిగి యాక్షన్‌లో, అంటే గొట్టం వెనకుండే యంత్రభాగంలో, చేరుతుంది. అక్కడినుంచి కర్ర మొదట్లోకి ఇంకుతుంది. యాక్షన్ వెనక కర్ర నల్లబడి మెత్తబడ్డ పాత డీబీబీఎల్‌లు చాలా వాటికి జబ్బు ఇదే. మెత్తబడిన కర్ర తన్నుకు పగులుతుంది, మరలు పట్టు తప్పుతాయి. బాలిస్టాల్ కర్రకు మంచిదన్న మాట పైపూతకు వర్తిస్తుంది, కోసిన కొనలోకి నెలల తరబడి నూనె ఇంకడానికి కాదు. నూనె పెట్టిన మొదటి రెండు రోజులు మూతి కిందికి వచ్చేలా పాత టవల్ మడత మీద నిలబెడితే మిగులంతా టవల్‌లోకి పోతుంది. టవల్ మీద రూపాయి బిళ్లంత మరకకు మించి కనిపిస్తే చుక్కలు తగ్గించాలని అర్థం.

ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లు బాలిస్టాల్ డబ్బాను గొట్టం దరిదాపులకు కూడా రానివ్వొద్దు. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ గాలిని ఒక్క దెబ్బన నొక్కినప్పుడు ఆ గాలి వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. గొట్టంలోని నూనె సన్నటి దారి గుండా వెనక్కి కంప్రెషన్ ఛాంబర్‌లోకి చేరితే డీజిల్ ఇంజన్‌లో లాగే మండుతుంది. టప్ అని మామూలుకంటే పెద్ద శబ్దం, నీలిపొగ, కాలిన వాసన. కుర్రాళ్లు దీన్ని పవర్ పెరిగిందని మురిసిపోతారు. నిజానికి సీలు కాలుతోంది, స్ప్రింగ్ విరగడానికి సిద్ధమవుతోంది. పది మీటర్ల పోటీల్లో వాడే, సిలిండర్‌లో ముందే గాలి నింపి ఉంచే పీసీపీ రైఫిళ్లది ఇంకా పెద్ద ప్రమాదం. 200 బార్ గాలి ఉన్నచోట పెట్రోలియం నూనె చేరితే పేలుడే జరగొచ్చు. అక్కడ సిలికాన్ గ్రీజు తప్ప ఇంకేదీ వద్దు. గొట్టానికి పొడి ఫెల్ట్ (నొక్కిన ఉన్ని) పెల్లెట్లు చాలు. ఎయిర్ రైఫిల్ పైన ఇనుప భాగాలకు గుడ్డతో పల్చగా బాలిస్టాల్ రాసుకోవచ్చు.

పోటీ సరుకుల సంగతి త్వరగా చెప్పేద్దాం. డబ్ల్యూడీ-40 బ్రాడ్వే హార్డ్‌వేర్ దుకాణాల్లో ఎక్కడైనా దొరుకుతుంది. 1953లో పుట్టింది నీటిని తరిమేయడానికే, ఆ పని బాగా చేస్తుంది. వానలో తడిసిన తుపాకీకి మొదట అదే కొట్టొచ్చు. అందులోని ద్రావకం ఎగిరిపోయాక మిగిలేది చాలా పల్చటి పొర, చెన్నై గాలికి వారాల తరబడి ఆగదు. కాబట్టి తుడిచేసి నూనె పెట్టాలి. కుట్టుమిషన్ నూనె కదిలే భాగాలకు బాగానే పనిచేస్తుంది. చవక, సన్నటి మూతి కాబట్టి చుక్కల లెక్క తప్పదు. తుప్పును ఆపే శక్తి మాత్రం తక్కువ. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పాతబడితే పుల్లబడి జిగురవుతుంది. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పేరెత్తడం కూడా అనవసరం, అందులో మసితోపాటు ఆమ్లం ఉంటుంది.

చెన్నైలో ఈ నూనె ఎన్నాళ్లు కాపాడుతుంది? ఇది పల్చటి నూనె, నిలువు గోడల మీంచి జారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో పదిహేను రోజులకొకసారి తుడిచి మళ్లీ పట్టించాలి. బెంగళూరులో ఉన్నవాళ్లు నెలకోసారి చూసుకున్నా గడిచిపోతుంది. మందంగా కుమ్మరిస్తే గడువు పెరగదు, మిగులు కారిపోతుంది. గడువు పెంచేది బీరువాలోని తేమ తగ్గించడం. తోలు కవరులో, రెగ్జిన్ సంచిలో పెట్టి మర్చిపోవద్దు, అవి తేమను పట్టుకుని కూర్చుంటాయి. రంగు మారే సిలికా జెల్ అర కిలో బీరువాలో పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తాకిన ప్రతిసారీ వేలిముద్రలు తుడవండి. నీలిపూత మీద ముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది.

మందంగా నూనె పెట్టడం న్యాయమైన సందర్భం ఒకటుంది. ఎన్నికల ప్రకటన వచ్చాక చాలామంది లైసెన్సుదారులు తుపాకీని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాల్సి వస్తుంది. వారాల తరబడి అది మన చేతిలో ఉండదు, ఏ గదిలో ఎలా పెడతారో మన అదుపులో ఉండదు. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు పొలాలుండి పంట కాపలా లైసెన్సు తీసుకున్న చెన్నై తెలుగువాళ్లకూ ఇది తెలిసిన తతంగమే. అప్పుడు బాలిస్టాల్ రెట్టింపు చుక్కలు వేయొచ్చు, పైన ఇనుమంతా గుడ్డతో తడపొచ్చు. అప్పగించే ముందు ట్రిగ్గర్ గార్డుకు ఒక అట్టముక్క కట్టి, దానిమీద గొట్టంలో నూనె ఉంది, తుడవకుండా కాల్చొద్దు అని రాయండి. రెండు నెలల తరువాత రసీదు చూపించి తెచ్చుకునేటప్పటికి తుడవాలన్న సంగతి మనకే గుర్తుండదు. వెనక్కి వచ్చాక పై పద్ధతిలో మొత్తం పొడిగా తుడిచి, గొట్టంలోంచి వెలుగు చూశాకే మిగతా పని. వేరేవాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లలో గొట్టంలో సాలీడు గూడు పెట్టి ఉన్నా ఆశ్చర్యం లేదు.

కొనాలంటే ఏది? బాలిస్టాల్ స్ప్రేగా 50, 100, 200, 400 మి.లీ. డబ్బాల్లో వస్తుంది, ద్రవంగా 50, 500 మి.లీ. సీసాల్లో వస్తుంది. స్ప్రే ఇప్పటికే కొనేసినవాళ్లు పారేయక్కర్లేదు. ఒక చిన్న గాజు సీసాలోకి కొట్టి, గ్యాసు బుడగలు పోయేదాకా మూత తీసి కిటికీ దగ్గర పెట్టి, డ్రాపర్‌తో వాడుకుంటే సరిపోతుంది. స్టవ్ దగ్గర, పూజగదిలో దీపం దగ్గర ఈ పని వద్దు, డబ్బాలోని గ్యాసు మండుతుంది. కొత్తగా కొనేవాళ్లు 50 మి.లీ. ద్రవం సీసా తీసుకోండి. అందులో 1,200 పైచిలుకు చుక్కలుంటాయి. డీబీబీఎల్ రెండు గొట్టాలకు పన్నెండు, పైభాగాలకు ఇంకో ఎనిమిది, నెలకు రెండుసార్లు అంటే నలభై చుక్కలు. ఆ లెక్కన ఒక్క సీసా రెండున్నరేళ్లు వస్తుంది.